నత్త తిప్పు

మా చెల్లికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. పిలిస్తే పలకదు. చెవుడు కాదు, పొగరు అంతకన్నా కాదు. చీమల బారు పక్కనో, కుళాయి కింద పెరిగిన నాచు పక్కనో గొంతుక్కూర్చుని ఉంటుంది. మనం గొంతు చించుకున్నా ఉలకదు పలకదు. ఇల్లంతా వెతికి, వీధంతా వెతికి, అమ్మ ఏడుపు లంకించుకున్నాక నీళ్ల డ్రమ్ము వెనక నుంచి తీరిగ్గా లేచి వచ్చి, "పిలిచారా?" అంటుంది. దెబ్బలు మాత్రం నాకు పడేవి. చెల్లిని చూసుకోమని చెప్పింది నాకు కదా.

అందుకే ఆ రోజు పొద్దున సొరంగం తలుపు దగ్గర దాని నడుముకి తాడు కడుతూ ఒకటే షరతు పెట్టాను.

"నేను పిలిచినప్పుడల్లా పలకాలి. 'ఊ' అంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు."

"ఊ" అంది.

"ఇప్పుడు కాదు, లోపలికి వెళ్లాక."

"నువ్వు అరిస్తే నత్తలు కంగారుపడతాయక్కా."

"నత్త కంగారుపడటం నా జన్మలో చూళ్లేదు. చూడు, నువ్వు పలక్కపోతే మాత్రం తాడు పట్టుకుని బయటికి లాగేస్తాను. మోకాళ్లు కొట్టుకుపోయినా నాకు తెలీదు."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముడి ఇంకోసారి లాగి చూశాను.

నేను మా ఊరి మంచినీళ్ల పంపుహౌసులో మోటార్ల దగ్గర పని చేస్తాను. మా నాన్న అక్కడే చేశాడు, బాబాయీ అక్కడే చేశాడు. మా ఇంటిల్లిపాదీ ఆ నీళ్ల మీదే బతికాం. కొండ కడుపులోంచి ఊట నీళ్లు వచ్చి పైన ఒక పెద్ద తొట్టిలో నిలుస్తాయి. తొట్టికి ఇనప గేటు. గేటు ఎత్తితే నీళ్లు ఇటుకల సొరంగంలోంచి కిందికి దిగి మా బావిలో పడతాయి. గేటు మూస్తే సొరంగంలో పిక్కల లోతు నీళ్లు మిగులుతాయి, మనిషి దిగి నడవొచ్చు. ఆ సొరంగం గోడల మీద ఒక నత్త ఉంది. శనగగింజంత ఉంటుంది, నల్లగా, చూడటానికి ఏమీ బాగోదు. అది భూమ్మీద ఇంకెక్కడా లేదట. అట అంటున్నాను గానీ, ఈ మాట కనిపెట్టింది మా చెల్లే. నత్తల మీద పదేళ్లు చదివి పేరు ముందు డాక్టరు అని పెట్టుకుంది. జలుబుకి మందు రాయమంటే మాత్రం రాయలేదు.

ఆ నత్తకి ఒక ప్రత్యేకత ఉంది. మామూలుగా నత్త గుల్ల మెలికలు కుడివైపుకి తిరుగుతాయి. దీనివి ఎడమకి తిరుగుతాయి. ఈ సంగతి మా చెల్లి పుట్టక ముందు నుంచే పంపుహౌసు వాళ్లకి తెలుసు. ఎందుకంటే పైనున్న గేటు చక్రం కూడా అంతే. లోకంలో ప్రతి కుళాయీ కుడికి తిప్పితే కట్టుకుంటుంది, మా గేటు ఒక్కటీ ఎడమకి తిప్పితే కట్టుకుంటుంది. ఎవరు బిగించారో, ఎందుకలా బిగించారో చెప్పేవాళ్లు పోయారు. చక్రం మీది బాణం గుర్తుని తుప్పు తినేసింది. కొత్తగా చేరినవాళ్లు తికమకపడకుండా వాళ్ల చేతిలో ఒక ఖాళీ గుల్ల పెట్టి, "ఇది తిరిగినట్టు తిప్పితే మూత, ఎదురు తిప్పితే వరద" అని నేర్పేవాళ్లు. దాన్ని నత్త తిప్పు అంటారు. మా బాబాయి జేబులో చుట్టకట్ట పక్కన ఎప్పుడూ ఒక గుల్ల ఉండేది.

సొరంగం పాతబడి ఇటుకలు రాలుతున్నాయని, ఆ వచ్చే వారం లోపలంతా సిమెంటు పూత పూయడానికి నిర్ణయమైంది. పూతంటే నత్తలకి చావే. మా చెల్లి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఒకే ఒక్క పొద్దుటి పూటకి అనుమతి తెచ్చుకుంది. ఆ పూట గేటు మూస్తారు. దొరికినన్ని నత్తల్ని ప్రాణాలతో ఏరి తన ల్యాబులో గాజు తొట్టెకి తీసుకెళ్లాలి. తర్వాత గోడల మీద మిగిలినవి లెక్కలోకి రావు.

ఇక్కడే నా భయం మొదలైంది. నిజం చెప్పాలంటే అనుమతి వచ్చిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. తలుపు దగ్గర సొరంగంలో మనిషి నిలబడొచ్చు. నీళ్లు పారే వైపుగా కొంచెం లోపలికి వెళ్లాక ఒకచోట కప్పు బాగా కిందికి దిగిపోయి ఉంటుంది. దాన్ని మావాళ్లు మెడ అంటారు. అక్కడ నీళ్లలో మోకాళ్ల మీద పాకాలి. మెడ దాటాక మళ్లీ విశాలం, అక్కడే కప్పులోంచి పైకి ఒక గాలిబావి, దాని గోడకి ఇనప మెట్లు. పైన మాత్రం చువ్వల మూత వేసి బిగించేశారు, అటు నుంచి బయటపడే దారి లేదు. నత్తలన్నీ మెడకి అవతలే. మెడలో నీళ్లు కప్పుని తాకాయంటే అవతలున్న మనిషికి దారీ లేదు, మాటా లేదు.

"భయం దేనికే పిచ్చిదానా, గేటు నేనే స్వయంగా మూస్తాను" అన్నాడు బాబాయి. ఆయన మోకాళ్లు అరిగిపోయి ఉద్యోగం మానేశాడు. ఆయన చోట ఆయన అల్లుడు చేరాడు, చేరి వారం కూడా కాలేదు. పెళ్లయి ఏళ్లు గడిచినా ఇంట్లో అందరూ అతన్ని కొత్తల్లుడు అనే అంటారు. పంపుహౌసులోనూ అదే పేరు ఖాయమైంది. మెత్తటి మనిషి, చెప్పిన మాట జవదాటడు. బాబాయి చెప్పినట్టే ఆ పొద్దున చేతికర్ర ఊతంతో పైకి ఎక్కి గేటు మూసి, ఆ తర్వాత వచ్చిన అల్లుణ్ని కాపలా పెట్టి, అటు నుంచి అటే మోకాళ్లు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాడు. ఆస్పత్రి గుమ్మం కనపడగానే ఫోను కట్టేసే రకం ఆయన.

చెల్లి నుదుటికి దీపం కట్టుకుని, మెడలో ప్లాస్టిక్ డబ్బా వేలాడేసుకుని, చేతిసంచీ పట్టుకుని మెట్లు దిగింది. తాడు నా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా లోపలికి జారింది. దాని దీపం వెలుగు ఇటుకల మీద పాకుతూ మెడ దగ్గర కిందికి వంగి మాయమైంది.

"ఏమే!"

"ఊ."

ఫోను పక్కన గట్టు మీద పెట్టుకున్నాను. తలుపు దగ్గర రాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. పైనుంచి నాలుగో మెట్టు పొడిగా ఉంది, ఐదోది తడిగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. లోపల్నుంచి చల్లటి గాలి, తడి ఇటుక వాసన. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోతున్నారు. ప్రపంచానికి ఏమీ పట్టలేదు.

"ఏమే!"

"ఊ. దొరుకుతున్నాయక్కా. గాలిబావి దగ్గర గుంపుగా ఉన్నాయి."

"గుంపు సంగతి నాకెందుకు, తొందరగా కానీ."

అలా చాలాసార్లు పిలిచాను. ప్రతిసారీ పలికింది. అప్పుడు అదే నన్ను పిలిచింది.

"అక్కా, నీళ్లు కొద్దిగా పెరిగినట్టున్నాయి. గేటు కారుతోందేమో. కొత్తల్లుడికి చెప్పి ఇంకో చుట్టు బిగించమను."

మెట్ల వైపు చూశాను. నాలుగో మెట్టు అంచు తడిసింది.

"వచ్చెయ్ బయటికి."

"ఒక్క చుట్టు బిగిస్తే ఆగిపోతుందక్కా. డబ్బా సగం కూడా నిండలేదు."

ఫోను తీశాను. ఒక్క మోతకే ఎత్తాడు.

"మరిదిగారూ, గేటు కారుతోందట. ఇంకో చుట్టు బిగించండి."

"అలాగే వదినా. నత్త తిప్పే కదా?"

"నత్త తిప్పే."

"గుల్ల నా చేతిలోనే ఉంది. మామయ్య ఇచ్చి వెళ్లాడు. చూసే తిప్పుతాను." అంత జాగ్రత్త గల మనిషి పైన ఉన్నందుకు నాకు ఊపిరి తేలికపడింది.

నాలుగో మెట్టు మునిగింది.

నేను కళ్లు నులుముకుని చూశాను. ఎండ పడి అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. నీళ్లలో ఒక ఆకు తిరుగుతూ వచ్చి మూడో మెట్టుకి తగిలింది. ఇంతకు ముందు నీళ్లు అలా తిరగలేదు.

"మరిదిగారూ, బిగించారా?"

"బిగించాను వదినా. తగ్గలేదా?"

"పెరుగుతోంది. ఇంకా బిగించండి."

"ఇదిగో."

సొరంగంలో చప్పుడు మారింది. అప్పటిదాకా కుండలోంచి పోసినట్టు సన్నగా ఉన్నది, లారీ వస్తున్నట్టు అదురుగా మారింది. నా అరికాళ్లకి తెలిసింది ఆ అదురు. బావి మోటార్లు రెండూ తిరుగుతూనే ఉన్నాయి, అంతకన్నా అవి లాగలేవు.

"వచ్చెయ్!" అని అరిచాను. "డబ్బా, గిబ్బా అన్నీ వదిలేసి వచ్చెయ్!"

"వస్తున్నా... మెడ దగ్గర..." దాని గొంతు నీళ్ల హోరులో ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అక్కా, ఎదురు తోసేస్తోంది... తల దూరడం లేదు... గేటు..."

"బిగించండి!" ఫోనులోకి అరిచాను. "మీ బలమంతా పెట్టి బిగించండి!"

"బిగిస్తున్నా వదినా!"

ఎంత బిగించమంటే అంత పెరిగింది. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ, అప్పుడు నా బుర్రకి తట్టలేదు. నాకు తెలిసిందల్లా నీళ్లు పెరిగితే గేటు బిగించాలని. మూడో మెట్టు మునిగింది. లోపల మెడ దగ్గర గుడగుడమని పెద్ద చప్పుడు, సీసా మూతి నీళ్లలో ముంచితే వచ్చే చప్పుడు లాంటిది. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. హోరు మాత్రం మిగిలింది. మెడ నిండిపోయింది.

"ఏమే!"

జవాబు లేదు. రాదని నాకు తెలుసు. అయినా పిలిచాను. చిన్నప్పుడు నీళ్ల డ్రమ్ము చుట్టూ తిరుగుతూ పిలిచినట్టు పిలిచాను. నా గొంతు నీళ్ల మీద తగిలి నాకే తిరిగి వచ్చింది.

తాడు లాగాను. పలక్కపోతే లాగేస్తానన్నాను కదా. కొంచెం వచ్చి ఆగిపోయింది. కాలు తలుపుకి తన్నిపెట్టి లాగాను. రాదు. వదలదు. రాతికి కట్టినట్టు ఉంది. అరచేతుల తోలు లేచిపోయింది. తాడు చివర మనిషి ఉందో, మనిషి ఎక్కడైనా ఇరుక్కుని ఉందో, ఇరుక్కున్న మనిషిలో ఊపిరి ఉందో ఆ తాడు నాకు చెప్పలేదు. పరిగెత్తి కొండెక్కి గేటు దగ్గరికి పోవాలంటే తాడు వదలాలి. తాడు వదిలితే ఇంక నా చేతిలో ఏముంది?

ఫోనులోంచి కొత్తల్లుడి రొప్పు వినిపిస్తోంది.

"వదినా, ఇంకా తిప్పుతూనే ఉన్నా. ఎంత తిప్పినా తిరుగుతోంది. కంగారుపడకండి, తేలిగ్గానే తిరుగుతోంది."

తేలిగ్గానే తిరుగుతోంది.

వంటింట్లో కుళాయి కట్టేటప్పుడు చివరికొచ్చేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది. గేటయినా అంతే, మూసేకొద్దీ బిగుసుకోవాలి. మూసి ఉన్న గేటు మీద ఇన్ని చుట్లు తేలిగ్గా తిరిగాయంటే అది మూసుకోవడం లేదు, తెరుచుకుంటోంది. బిగించమని నేను అరిచిన ప్రతి అరుపుకీ ఆ మెత్తటి మనిషి నా చెల్లి మీదికి ఇన్ని నీళ్లు వదిలాడు.

"ఆపండి! మరిదిగారూ, ఏ వైపు తిప్పుతున్నారు?"

"నత్త తిప్పే వదినా. కుడికి."

"కుడికేమిటి? ఎడమకి! ఎడమకి తిప్పండి!"

అవతల చక్రం చప్పుడు ఆగింది. "గుల్ల చేతిలోనే ఉంది వదినా. కుడికే తిరిగి ఉంది. ఎవరేం చెప్పినా గుల్ల చూసే తిప్పు, ఎదురు తిప్పావంటే లోపలున్న మనిషి ప్రాణం పోతుంది అని మామయ్య ఒట్టు వేయించుకున్నాడు."

"నేను చెప్తున్నాగా!"

"మీరు కంగారులో ఉన్నారు వదినా. తప్పయితే? నా చేత్తో..."

నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నేనెప్పుడూ ఆ చక్రం ముట్టుకోలేదు. నత్త ఎడమ అని చెల్లి నోట వెయ్యిసార్లు విన్నాను, అంతే. అతని చేతిలో గుల్ల ఉంది, నా చేతిలో వినికిడి ఉంది. నేను పొరబడితే, మిగిలిన కాస్త గాలిని కూడా నేనే చెల్లి ముక్కులోంచి లాగేసినదాన్ని అవుతాను.

"వినండి" అన్నాను. "అన్ని కుళాయిల్లాగా కుడికి తిప్పేదయితే మీ మామగారు ఈ గుల్ల ఇచ్చి ఎందుకు వెళ్తారు? కుడికి తిప్పడం ఎవరికి రాదు?"

అతను ఆలోచించే లోపే అడిగాను.

"గుల్లని ఎలా పట్టుకున్నారు?"

"అరచేతిలో. నోరు పైకి ఉంది. మెలిక కనిపిస్తోంది, కుడికే."

"నత్త నోరు పైకి పెట్టుకుని వెల్లకిలా నడుస్తుందా? ఒరేయ్, దాన్ని బోర్లా తిప్పు! నత్త నడిచినట్టు పెట్టి పైనుంచి చూడరా!"

పెళ్లినాటి నుంచీ గారూ, మీరూ అని పిలిచిన మనిషిని ఒరేయ్ అన్నానని తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

ఫోనులో ఏదో గీసుకున్న చప్పుడు. అతను గుల్లని చక్రం మీద బోర్లా పెట్టాడు కాబోలు. వెల్లకిలా ఉన్నప్పుడు కుడికి కనిపించే మెలిక బోర్లా పెడితే ఎడమకి కనిపిస్తుంది. ఏ గుల్లయినా అంతే. బాబాయి గుల్ల కొన పైకి కనబడేలా పెట్టి చూపించి ఉంటాడు. అల్లుడు జేబులో పడేసుకుని తీసేసరికి అది తిరగబడింది.

"అమ్మో" అన్నాడు. ఇంకేమీ అనలేదు. చక్రం కీచుమంది.

తర్వాత నాకు వినిపించింది అతని ఏడుపు. ఏడుస్తూనే తిప్పాడు. "ఎడమకి తిప్పుతున్నా వదినా. తిప్పుతున్నా. చాలా తిప్పాలి, చాలా వదిలేశాను... వదినా, బిగుసుకుంటోంది. ఇప్పుడు గట్టిగా ఉంది. చేతులు రావడం లేదు."

"వేలాడు. వేలాడి బిగించు."

మూడో మెట్టు అంచు ఎంతసేపటికి బయటపడిందో చెప్పలేను. నత్తనడక అంటాం కదా, నీళ్లు దిగేటప్పుడు నత్తలే నయం. హోరు తగ్గింది. అదురు తగ్గింది. మెడ దగ్గర మళ్లీ గుడగుడమంది, ఈసారి గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. కప్పుకీ నీళ్లకీ మధ్య సందు పడింది. మాట పోయే దారి దొరికింది.

"ఏమే!"

ఏమీ లేదు.

"ఒసేయ్, నేనే అక్కని! నీళ్లు తగ్గాయి! ఊ అను!"

సొరంగం నా మాట నాకే ఇచ్చింది. ఇందాక మెడ నిండింది కాబట్టి వినపడలేదని సర్దిచెప్పుకోవడానికి ఒక సాకు ఉంది. ఇప్పుడు అదీ లేదు. మాట వెళ్తోంది, నాకు తెలుస్తోంది వెళ్తున్నట్టు. అవతల వినేవాళ్లు లేరు. అంతే అర్థం. అమ్మకి ఏం చెప్పాలి అనే ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తాడుని తలుపు గొళ్లేనికి కట్టేసి నీళ్లలోకి దిగాను. నాకు చీకటంటే భయం, ఇరుకంటే భయం, నీళ్లంటే మోకాలు దాటితే భయం. మంచినీళ్ల ఇలాకాలో ఉద్యోగం చేసే మనిషి ఇలా ఉంటుందని బయట చెప్పుకోలేదు. నడుం లోతు నీళ్లు మంచులా ఉన్నాయి. గోడ పట్టుకుంటే ఇటుకలు జారుతున్నాయి. తాడు వెంట నడుస్తూ, ప్రతి అడుగుకీ పిలుస్తూ వెళ్లాను. కాలికి మెత్తగా ఏదో తగిలితే పై ప్రాణాలు పైనే పోయాయి. మెడలోకి దూరే ముందు చెల్లి వదిలేసిన చేతిసంచీ అది, ఇటుకకి చిక్కుకుని ఉంది. మెడ దగ్గరికి వచ్చి వంగి, సందులో చెంప పెట్టి పిలిచాను. నా నోట్లోకి నీళ్లు వచ్చాయి. "పలకవే, నీకు దణ్ణం పెడతాను, పలకవే."

అవతల వెలుతురు కదిలింది.

మొదట గోడ మీద పసుపుగా పాకింది. తర్వాత నీళ్ల మీద. మెడ కిందుగా ఒక తల వచ్చింది, నీళ్లు చుబుకానికి తగులుతున్నాయి. నా చెల్లి. కళ్లు పెద్దవిగా, రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాయి. పెదాలు నీలం. చెంపలు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. బావిలోంచి తీసిన శవాల ముఖం అలా ఉబ్బుతుందని బాబాయి చెప్పేవాడు. ఈ మనిషి కదులుతోంది, చూస్తోంది, అయినా నేను వెనక్కి జరిగాను.

"ఏమైంది? ఏమైందే నీకు? మాట్లాడు."

తల అడ్డంగా ఊపింది. పట్టుకుని లాగాను. వచ్చింది. నిలబెట్టాను. నిలబడింది. ముక్కుతో బుసబుసా ఊపిరి పీలుస్తోంది, నోరు మాత్రం బిగించేసింది. దాని మెడకి వేలాడాల్సిన డబ్బా లేదు. చేతులు ఇనప తుప్పుతో, నెత్తురుతో ఎర్రగా ఉన్నాయి. మాట పోయిందా? తలకి దెబ్బ తగిలిందా? మెట్ల దాకా నడిపించుకొచ్చేలోపు దాన్ని ఎన్ని అడిగానో గుర్తులేదు. ఒక్కదానికీ జవాబు లేదు. తల మాత్రం అడ్డంగా, గట్టిగా, కోపంగా ఊపుతోంది.

మెట్ల మీద కూలబడింది. చుట్టూ చూసింది. గట్టు మీద నా అన్నం డబ్బా ఉంది. దాన్ని లాక్కుని, నా మధ్యాహ్నం తిండి మొత్తం గడ్డిలో గుమ్మరించి, సొరంగం నీళ్లతో రెండుసార్లు తొలిచి, మూడోసారి నింపుకుంది. దాని మీదికి వంగి నోరు తెరిచింది.

నల్లటి గింజలు. ఒకటి, ఇంకొకటి, ఇంకా. నాలుక కింద నుంచి, చెంపల సందుల్లోంచి వేలు పెట్టి జాగ్రత్తగా తీసి వదిలింది. పదో, పదకొండో. డబ్బా అడుక్కి వెళ్లి పడుకున్నాయి. మేమిద్దరం కదలకుండా చూశాం. చాలాసేపటికి ఒకదాని గుల్ల కిందుగా తడి నల్లటి పాదం బయటికి వచ్చింది. రెండు వెంట్రుకల్లాంటి కొమ్ములు లేచాయి.

"బతికే ఉన్నాయి" అంది. అప్పటికి అదే దాని మొదటి మాట.

నెమ్మదిగా చెప్పింది. మెడ దగ్గర ప్రవాహం వెనక్కి తోసేసిందట. గాలిబావి మెట్లు ఎక్కి, తాడుతో తనని తాను ఇనప మెట్టుకి కట్టేసుకుందట. నేను లాగింది ఆ మెట్టుని. కట్టుకోకపోయి ఉంటే నిండిన మెడలోకి నేనే లాక్కొచ్చి ముంచేసేదాన్నని అది అనలేదు, నాకే అర్థమైంది. నీళ్లు దాని గొంతుదాకా వచ్చాయట. డబ్బా తాడు తెగి కొట్టుకుపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, మూత పళ్లతో లాగి, అందినన్ని నోట్లో వేసుకుందట. రెండు చేతులూ మెట్టు పట్టుకోవడానికి కావాలి కదా అంది.

"నీళ్లు తగ్గాక నేను పిలిచాను."

"ఊ."

"విన్నావా?"

"విన్నాను."

"మొదటిసారే విన్నావా?"

"అన్నిసార్లూ విన్నానక్కా."

చెయ్యి ఎత్తాను. నిజంగానే కొడదామని ఎత్తాను. చచ్చిపోయావనుకున్నానే, అమ్మకి ఏం చెప్పాలో కూడా అనుకున్నానే, ఈ గింజల కోసమా?

"నోరు తెరవక్కర్లేదు. నోరు మూసుకునే ఊ అనొచ్చు. గొంతులోంచి. అది కూడా చేతకాలేదా?"

అది డబ్బాలోకే చూస్తోంది.

"అందామనుకున్నా" అంది. "గాలిబావిలో నీళ్లు గొంతుదాకా ఉన్నప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదక్కా. నువ్వు పిలిచేసరికి వచ్చింది. ఊ అంటే ఏడ్చేస్తానని తెలుసు. ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది."

అప్పుడు ఏడ్చింది. చీమల దగ్గరా, నాచు దగ్గరా, దేని దగ్గరా భయమన్నది ఎరగని మనిషి నోరంతా తెరిచి చిన్నపిల్లలా ఏడ్చింది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక దాని జుట్టు పిండాను. ఇంతలో కొండ మీద నుంచి కొత్తల్లుడు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. పిడికిలి తెరవమంటే తెరవలేకపోయాడు. నేనే వేళ్లు విడదీశాను. గుల్ల పొడి పొడి అయిపోయి ఉంది.

సొరంగానికి సిమెంటు పూశారు. గేటు చక్రం మీద ఎర్ర రంగుతో ఇంత పెద్ద బాణం గీశాను, నేనే దగ్గరుండి. నత్తలు ల్యాబులో గాజు తొట్టెలో గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. అన్నీ ఎడమకే తిరిగాయని చెల్లి ఫోను చేసి చెప్పింది. సంతోషించాను. సంతోషం సంతోషమే, నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడది పిలిస్తే పలుకుతుంది. మా ఇంటికి వచ్చి పక్క గదిలో ఉందంటే, నేను ఏమే అనేలోపే ఊ అంటుంది. ఒక్కోసారి పిలవకముందే అంటుంది. అయినా లేచి వెళ్లి, తలుపు తీసి, ఉందో లేదో చూసి వస్తాను.